పరికరములకు మాట నేర్పినవారు

1991 సెప్టెంబరులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ తన లినక్సు కెర్నలు యొక్క 0.01 సంచికను లోకమునకు విడిచినప్పుడు, దానిని తన యంత్రముపై నడుపగోరిన వాడెవ్వడైనను మొట్టమొదట ఒక చిన్న ఫైలును తెరచి, తన హార్డ్ డిస్కునకు హెడ్లెన్ని, ట్రాకునకు సెక్టర్లెన్ని, సిలిండర్లెన్ని అను అంకెలను అందులో స్వయముగా దిద్ది, పిమ్మట కెర్నలు నంతటిని మరల కంపైలు చేసికొనవలసియుండెను. లినస్ వాడిన డిస్కు కొలతలును, ఆతని మిత్రుడొకని డిస్కు కొలతలును మాత్రమే అందు ముందుగా వ్రాయబడియుండెను. మూడవవాడు తన కొలతలు తానే చేర్చుకొనవలెను. ఈనాటి పాఠకునకు ఇది అరకొర పనిగా తోచవచ్చును గాని, నా దృష్టిలో ఇందొక గొప్ప విశేషమున్నది. డ్రైవరును వ్రాసినవానికిని దానిని వాడుకొనువానికిని ఒకే కంపైలరు, ఒకే హక్కుతో, చేతిలో నుండెను. అంతకు పది సంవత్సరములకు పూర్వము ఇట్టి స్థితిని ఊహించుటయే దుర్లభము.

డ్రైవరనగా ఆపరేటింగ్ సిస్టమునకును పరికరమునకును నడుమ నిలుచు ప్రోగ్రాము. పూర్వము చెన్నపట్టణమున కుంపిణీ దొరలకును దేశీయ వర్తకులకును నడుమ దుబాసీ యెట్టివాడో, కెర్నలునకును పరికరమునకును నడుమ డ్రైవరట్టిది. ఇరువురి భాషయు నెరిగినది కావున ఇరువురికిని అది లేనిదే గడువదు. ఉదాహరణమునకు నాటి ఏటీ యంత్రములలోని డిస్కు కంట్రోలరును తీసికొందము. హెక్సాడెసిమలు లెక్కలో 1ఎఫ్0 మొదలు 1ఎఫ్7 వరకు గల పోర్టులయందు అది ఆజ్ఞలను గ్రహించును. ఎన్ని సెక్టర్లు కావలెనో, ఏ సెక్టరు, ఏ సిలిండరు, ఏ హెడ్డు అను సంఖ్యలను ఒక్కొక్క పోర్టులో వరుసగా నుంచి, కడపట చదువుమను ఆజ్ఞ నిచ్చినచో, కంట్రోలరు తన పని ముగించుకొని 14వ ఇంటరప్టు ద్వారా ప్రాసెసరునకు తెలియజేయును. అప్పుడు డ్రైవరు 512 బైట్లను పోర్టు నుండి మెమరీలోనికి చేరవేయును. వరుస తప్పినను, ఒక్క సంఖ్య తారుమారైనను, చదువబోయిన సెక్టరునకు బదులు వేరొకటి వచ్చును. వ్రాయు సమయమున నట్లు జరిగినచో పూర్వమున్న ఫైళ్లు నశించును.

ఇట్టి ప్రోగ్రామునకు సాధారణమైన కంపైలరు చాలదు. పోర్టులతో మాటాడు యంత్రాదేశములు సీ భాషలో లేవు. కెర్నలులో ప్రామాణిక లైబ్రరీ యుండదు. ఒకే చిరునామాను రెండుమారులు చదువుట వృథాయని తలచి కంపైలరు ఒక పఠనమును తొలగించినచో, ఆ రెండవ పఠనము కొరకే నిరీక్షించు పరికరము మూగవోవును. ఇంటరప్టు వచ్చినప్పుడు పిలువబడు భాగము ఏ రిజిస్టరును చెరుపరాదు. లింకరు ప్రతి భాగమును నిర్ణీతమైన తావుననే అమర్చవలెను. కావున డ్రైవరు వ్రాయువాడు కంపైలరును దూరమున నుంచి సేవ చేయించుకొనజాలడు. దాని స్వభావమును లోలోపల నెరిగియుండవలెను, అవసరమైనచో దానిని మార్చుకొను హక్కును కలిగియుండవలెను. ఈ హక్కు కొరకు జరిగిన ప్రయత్నము కూడ ఒక డ్రైవరు లేమి నుండియే పుట్టుట గమనింపదగినది.

1980 ప్రాంతమున మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థయందలి కృత్రిమ మేధా ప్రయోగశాలకు జిరాక్సు కంపెనీ ఒక లేజరు ప్రింటరు నొసగెను. అంతకు ముందున్న ప్రింటరు యొక్క ప్రోగ్రామును అచటి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్మన్ సవరించి, ముద్రణ ముగిసిన వెంటనే ఆ కాగితముల యజమానికిని, కాగితము చిక్కుకొన్నప్పుడు నిరీక్షించుచున్నవారికిని కబురందునట్లు చేసియుండెను. ప్రింటరు వేరొక అంతస్తున నుండుటచే ఈ చిన్న సవరణ ఎందరికో శ్రమను తప్పించెను. క్రొత్త ప్రింటరుకు అట్టి సవరణ చేయబోగా, దాని ప్రోగ్రాము సోర్సు లేక యంత్రరూపమున మాత్రమే వచ్చియుండెను. సోర్సు గలవానిని వెదకికొని వేరొక విశ్వవిద్యాలయమునకు పోయి యడిగిన స్టాల్మన్‌తో, ఆతడు రహస్య ఒడంబడికకు లోబడి యున్నానని చెప్పి నిరాకరించెను. ప్రింటరును బాగు చేయగల విద్య యుండియు, చేయుటకు అనుమతి లేని స్థితి అది. ఆ అసమ్మతి స్టాల్మన్ మనసున నాటుకొని, కొన్ని సంవత్సరముల పిమ్మట, 1983 సెప్టెంబరు 27న, ఎల్లరును చదివి సవరించి పంచుకొనదగిన సంపూర్ణ ఆపరేటింగ్ సిస్టమును నిర్మింతునను గ్నూ ప్రకటనగా వెలువడెను. 1984 జనవరిలో ప్రయోగశాల ఉద్యోగమును వదలి ఆ పని మొదలిడెను.

ఆపరేటింగ్ సిస్టము నిర్మింపగోరినవానికి ముందుగా కావలసినది కంపైలరు. అది తన చేతిలో లేనిచో, నిర్మించినదంతయు నొరుల దయపై ఆధారపడును. ఆమ్‌స్టర్‌డాములో నొక విశ్వవిద్యాలయమున తయారైన కంపైలరు సామగ్రిని స్టాల్మన్ అడిగెను. అది అట్లు పంచిపెట్టునది కాదని జవాబు వచ్చెను. పిమ్మట లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలయందు పుట్టిన పాస్టెల్ అను కంపైలరును సంపాదించి, దానికి సీ భాషను చదువు ముందుభాగమును వ్రాసి, 68000 ప్రాసెసరు గల యూనిక్సు యంత్రమునకు దింపజూచెను. కాని ఆ కంపైలరు ఫైలు నంతటిని ఒకేసారి మెమరీలో నిలుపుకొనునదగుటచే దానికి మెగాబైట్ల కొలది స్టాకు కావలసి యుండగా, ఆ యూనిక్సు 64 కిలోబైట్లకు మించి యీయజాలదు. అప్పుడు స్టాల్మన్ ఆ సీ ముందుభాగమును మాత్రము నిలుపుకొని, తక్కినదానిని విడనాడి, క్రొత్తగా ప్రారంభించెను. ప్రాసెసరు ఆదేశములను రిజిస్టర్ల నడుమ జరుగు మార్పులుగా వర్ణించు పద్ధతిని జాక్ డేవిడ్‌సన్, క్రిస్టోఫర్ ఫ్రేజరు లను పండితులు ప్రతిపాదించియుండిరి. ఆ పద్ధతిని ఆధారముగా గొని, ప్రతి ప్రాసెసరునకు ఒక వర్ణనా ఫైలు వ్రాసినచో కంపైలరు ఆ ప్రాసెసరు భాషను పలుకునట్లు అమర్చెను. 1987 మార్చి 22న జీసీసీ అను ఆ కంపైలరు యొక్క తొలి పరీక్షా సంచిక వెలువడెను. ఆనాడు దానికి వాక్సు, సన్ యంత్రముల వర్ణనలు మాత్రమే యుండెను.

ఈ చరిత్రలో విలియం షెల్టరు అను టెక్సాసు విశ్వవిద్యాలయ ఆచార్యుని పేరు మరువరాదు. ఇంటెలు 80386 ప్రాసెసరునకు జీసీసీని అన్వయించు పనిలో సింహభాగము ఆతనిదే. ఆ కార్యము కీర్తి దెచ్చునది కాదు. ఒక్కొక్క ఆదేశమునకు ఒక్కొక్క నమూనా వ్రాయుచు, తప్పులు దిద్దుచు సాగవలసిన ఏకాగ్రమైన శ్రమ. కాని ఆ శ్రమ లేకున్నచో, 1991లో ఇండ్లలోనికి వచ్చిన చౌక యంత్రముల కొరకు కెర్నలు వ్రాయజూచిన విద్యార్థులకు తగిన కంపైలరు లభించెడిది కాదు. గ్నూ ప్రణాళికవారు తమ సొంత కెర్నలునకు చాల ఆలస్యముగా వచ్చిరి. వారి కంపైలరు మాత్రము ఇతరుల కెర్నళ్లకు జన్మనిచ్చెను.

లినస్ 1991 జనవరిలో 386 యంత్రమును కొని, దానిపై ఆండ్రూ టానెన్‌బామ్ పాఠ్యగ్రంథముతోపాటు రచించిన మినిక్సు అను ఆపరేటింగ్ సిస్టము నుంచెను. విశ్వవిద్యాలయపు యంత్రముతో ఫోను తీగ ద్వారా మాటాడుటకు తన సొంత టెర్మినలు ప్రోగ్రామును ఏ ఆపరేటింగ్ సిస్టము సహాయమును లేక నేరుగా యంత్రముపై నడుచునట్లు వ్రాసికొనెను. కీబోర్డు, తెర, మోడెము ఇవి మూడును ఆ ప్రోగ్రామునకు తెలిసెను. పిదప ఫైళ్లు దిగుమతి చేసికొని నిలువచేయవలెనను కోరిక కలుగగా డిస్కు డ్రైవరు వ్రాసెను. మినిక్సు ఫైళ్లను చదువవలెను గావున ఫైలు సిస్టమును వ్రాసెను. ఈ క్రమమును విమర్శించి చూచినచో లినక్సు కెర్నలు డ్రైవర్ల నుండి పైకి పెరిగినదే గాని, పైనుండి క్రిందికి గీయబడిన ప్రణాళిక కాదని స్పష్టమగును. ఆ యేడు ఆగస్టు 25న లినస్ చేసిన ప్రకటనలో, తన సిస్టముపై బాష్ 1.08, జీసీసీ 1.40 అను రెండు ప్రోగ్రాములు నడుచుచున్నవనియు, అది ఏటీ హార్డ్ డిస్కులను దప్ప ఇతరములను బహుశః ఎన్నటికిని నడుపదనియు చెప్పబడినది. ఆతని చేతనున్నది ఆ డిస్కొక్కటే గదా.

మినిక్సుతో వచ్చు కంపైలరు 386 యొక్క సంపూర్ణ శక్తిని వాడుకొనజాలదు. బ్రూస్ ఎవాన్స్ అను ఆస్ట్రేలియా ప్రోగ్రామరు మినిక్సును 32 బిట్ల పద్ధతికి మార్చి జీసీసీ దానిపై నడుచునట్లు చేయుట లినస్‌కు మహోపకారమైనది. అంతటితో నూరకుండక లినస్ ఆ కంపైలరునకే ఒక సవరణ చేసెను. పదములను వరుసగా చేరవేయు ఆదేశములను స్వయముగా వాడుకొను ఒక క్రొత్త ఆప్షను నందు చేర్చి, దానితో 0.01ను కంపైలు చేసెను. ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి తన పనికొరకు కంపైలరును విప్పి సవరించి, ఆ మార్పును లోకమునకు బాహాటముగా చెప్పుకొనుట, దశాబ్దమునకు పూర్వము ప్రింటరు సోర్సు కొరకు ఊరు దాటిపోయిన స్టాల్మన్‌కు దొరకని భాగ్యము. 0.01 లైసెన్సు ప్రకారము ఎవ్వరును దానిని డబ్బు పుచ్చుకొని పంచరాదు. 1992 ఆరంభమున, 0.12 సంచికతో, లినస్ దానిని మార్చి జీసీసీ కున్న జీపీఎల్ లైసెన్సునే తన కెర్నలునకును స్వీకరించెను.

అదే కాలమున అమెరికాలో విలియం, లిన్ జోలిట్జ్ దంపతులు బర్క్‌లీ యూనిక్సును 386కు దింపు యత్నమును ఒక ప్రోగ్రామింగు పత్రికలో 1991 జనవరి నుండి ధారావాహికముగా ప్రకటింపసాగిరి. బర్క్‌లీవారు 1991 జూనులో వెలువరించిన నెట్ 2 సంచికలో ఆరు ఫైళ్లు లోపించియుండెను. వానిని పూరించి జోలిట్జ్ దంపతులు 386బీఎస్‌డీని నిలువబెట్టిరి. అందును కంపైలరు జీసీసీయే.

డ్రైవర్ల చరిత్రలో నాకు మిక్కిలి ఆదరపాత్రమైన అధ్యాయము ఈథర్నెట్ కార్డులది. డొనాల్డ్ బెకరు అను ప్రోగ్రామరు 1990ల తొలినాళ్లనుండి లినక్సునకు వ్రాసిన నెట్వర్కు డ్రైవర్లు పెక్కు. అవి లేనిచో ఆ కెర్నలు ఇంటి గది దాటియుండెడిది కాదు. నావెల్ వారి ఎన్‌ఈ2000 కార్డు రూపమును అనుకరించి తూర్పుదేశములలోని కార్ఖానాలు చౌకవెలకు వేలకొలది కార్డులను దించుచుండెను. అవన్నియు ఒకే విధముగ నడువవలసినవే గాని, ప్రతి కార్ఖానాయు ఏదో యొక చిన్న తేడాను తెచ్చిపెట్టెను. మూలకార్డుకు ఉండవలసిన గుర్తు కొన్నిటికి లేకుండెను. వానిని పోల్చుకొనుటకు ఎన్‌ఈ2000 డ్రైవరులో చెడ్డ నకళ్ల పట్టిక యని ప్రత్యేకముగా నొక పట్టిక నుంచవలసి వచ్చెను. ఆ పట్టికను నింపినవారు కార్డుల తయారీదారులు కారు; తమ యంత్రమున కార్డు పనిచేయక, సోర్సు తెరచి చూచి, కారణము కనుగొని, దిద్దుబాటు నంపిన వాడుకరులు. కంపైలరు వెలబోసి కొనవలసినదే యైనచో వారిలో పదింట తొమ్మండుగురు ఆ సోర్సును చదివి చక్కబెట్టుటకు పూనుకొనియుందురా యని నాకు సందేహము.

ఆ డ్రైవరు శిరోభాగమున నున్న కాపీరైటు వాక్యములో 1993 నాటి హక్కు అమెరికా ప్రభుత్వమునకు, జాతీయ భద్రతా సంస్థ డైరెక్టరు పేరిట, చెందినట్లు కనబడును. గూఢచర్యమునకు ప్రసిద్ధమైన ఆ సంస్థ పేరు, ఎల్లరును చదువదగిన సోర్సు నెత్తిన నిలుచుట విచిత్రమే. తరువాత బెకరు నాసా వారి గొడార్డు అంతరిక్ష కేంద్రమునకు వచ్చి, 1994లో థామస్ స్టెర్లింగుతో కలిసి, 486 డీఎక్స్4 ప్రాసెసర్లు గల 16 మామూలు యంత్రములను ఈథర్నెట్ తీగలతో ముడివేసి బేవుల్ఫ్ అను గణకసముదాయమును నిర్మించెను. నాటి 10 మెగాబిట్ల తీగ చాలకపోవుటచే, రెండు తీగలను ఒకటిగా భావించి భారమును పంచు డ్రైవరు మార్పును అందుకొరకు కల్పించిరి. అతి ఖరీదైన సూపరు కంప్యూటర్లకు మారుగా చౌక యంత్రముల గుంపులు శాస్త్రజ్ఞులకు అందివచ్చుటకు ఈ డ్రైవరు పని మూలము.

జీసీసీ ప్రస్థానము మాత్రము ఒడిదుడుకులు లేనిది కాదు. 1989లో మైకేల్ టీమన్, జాన్ గిల్మోర్, డేవిడ్ హెంకెల్ వాలస్ లు స్థాపించిన సిగ్నస్ సంస్థ, స్వేచ్ఛా కంపైలరునకు సేవ చేసి జీవింపవచ్చునని ఋజువు చేసెను. క్రొత్త ప్రాసెసర్లను తయారుచేయు కంపెనీలు తమ చిప్పునకు జీసీసీని అన్వయించుమని దానికి సొమ్మిచ్చెడివి. నా తలంపున జీసీసీ ఇన్ని ప్రాసెసర్లకు వ్యాపించుటకు ఆదర్శముతోపాటు ఈ వ్యాపారమును కారణము. 1997లో అభివృద్ధి మందగించినదని తలచిన వారు ఈజీసీఎస్ అను వేరుశాఖను తీసిరి. 1999లో ఆ శాఖనే అధికారిక జీసీసీగా అంగీకరించుటతో కలహము చల్లారెను.

కంపైలరు తెలివి పెరిగినకొలది కెర్నలు రచయితలకు క్రొత్త చిక్కులు పుట్టెను. 2009 వేసవిలో లినక్సు 2.6.30 సంచికయందలి టన్ అను డ్రైవరులో బయటపడిన లోపము ఇందుకు మేలైన ఉదాహరణము. టన్ కల్పిత నెట్వర్కు కార్డునకు డ్రైవరు. అందొక ఫంక్షను, తనకు వచ్చిన పాయింటరు శూన్యమగునేమో యని పరీక్షించుటకు ముందే, ఆ పాయింటరు ద్వారా ఒక విలువను చదివియుండెను. చదివినది గనుక ఆ పాయింటరు శూన్యము కాజాలదని జీసీసీ తర్కించి, తరువాతి పరీక్ష అనవసరమని దానిని తొలగించెను. సోర్సు చదివినవానికి పరీక్ష కనబడుచునేయుండును. కంపైలైన ప్రోగ్రాములో అది లేదు. శూన్య చిరునామాయందు మెమరీని ముందుగా అమర్చుకొన్న దుర్మార్గుడు ఈ ఎడమును పట్టుకొని యంత్రమును సంపూర్ణముగా వశపరచుకొనగలిగెను. పిమ్మట కెర్నలువారు అట్టి పరీక్షలను తొలగింపవలదని జీసీసీని శాసించు ఆప్షనును తమ నిర్మాణమున శాశ్వతముగా చేర్చిరి. ఇందు తప్పు కంపైలరుదా, డ్రైవరుదా యను వాదము చిరకాలము సాగినది. సీ భాషా ప్రమాణము ననుసరించి చూచినచో కంపైలరు పక్షమే నిలుచును, ఐనను కెర్నలు రచయితల కష్టమును నేను కాదనజాలను. యంత్రరూపమును విప్పి చూపు ఆబ్జ్‌డంప్ వంటి స్వేచ్ఛా పరికరములు, కంపైలరు సోర్సు, డ్రైవరు సోర్సు మూడును అందరి యెదుట నుండుటచేతనే ఈ మూలకారణము ఇంత స్పష్టముగ నిర్ధారింపబడెను.

ఇక విండోసు వైపు చూతము. అచట డ్రైవరు రచనకు మైక్రోసాఫ్టువారి డ్రైవరు సామగ్రియు, వారి కంపైలరును నియతములు. ఐనను గ్నూ కంపైలరును విండోసు ప్రోగ్రాముల కనుగుణముగ మలచిన మింగ్‌డబ్ల్యూ 1998 ప్రాంతమున రూపొందగా, దానితో డ్రైవర్లను కూడ వ్రాయవచ్చునని కొందరు సాహసికులు ప్రయత్నింపసాగిరి. విండోసు డ్రైవరు ఫైలు సామాన్య ప్రోగ్రాము ఫైలు వంటి అమరికయే గాని, దానికి సామాన్య లైబ్రరీలు కూడవు. లింకరునకు అది నేటివు తరగతికి చెందినదని చెప్పి, కెర్నలు ఫైళ్లు ఎగుమతిచేయు ఫంక్షన్ల పట్టిక నుండి దిగుమతి లైబ్రరీని స్వయముగా తయారుచేసికొని, డ్రైవరు ప్రవేశద్వారము పేరు చివర వాదనల పరిమాణమును తెలుపు సంఖ్యతో సహా సరిగా వ్రాయవలెను. ఆ మెలకువ లన్నియు లభించినను ఒక పెద్ద లోటు మిగిలెను. విండోసు డ్రైవర్లు ప్రమాదకర చిరునామాలను ముట్టునప్పుడు వాడు నిర్మాణబద్ధ దోషనివారణ పద్ధతి జీసీసీకి లేదు. ఆ పద్ధతికి సంబంధించి బోర్లాండు కంపెనీకి పేటెంటుండుటయే జంకునకు కారణమని చెప్పబడెడిది. 2014లో ఆ పేటెంటు కాలము తీరినది.

ఈ సామగ్రి నంతటిని పట్టుదలతో వాడినవారు రియాక్ట్ఓఎస్ నిర్మాతలు. 1996లో వేరొక పేరున మొదలై 1998లో ఈ పేరు దాల్చిన ఆ ప్రయత్నము, విండోసు ఎన్‌టీ డ్రైవర్లు యథాతథముగ నడుచునట్టి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమును సంకల్పించినది. దోషనివారణ పద్ధతి లోపమును తీర్చుటకు వారు సీ మాక్రోలతో తమ సొంత లైబ్రరీని కల్పించుకొనిరి. 2006 ఆరంభమున, ఆ సోర్సులో కొన్ని భాగములు విండోసును విప్పి చూచి వ్రాసినవేమో యను ఆరోపణ రాగా, పనిని నిలిపి సోర్సు నంతటిని పరిశీలనకు పెట్టిరి. పనికి అంతరాయము కలుగుననెరిగియు అట్లు చేయుట వారి నిజాయితీకి నిదర్శనమని నేను నమ్ముదును.

దీనికి విపరీతమైన మార్గమును ఎన్‌డీఐఎస్‌రాపరు అను ప్రోగ్రాము త్రొక్కెను. 2000ల తొలిభాగమున ల్యాప్‌టాపులలో వచ్చిన వైర్‌లెస్ కార్డులకు తయారీదారులు విండోసు డ్రైవరు మాత్రమే యిచ్చి, రిజిస్టర్ల వివరణములను బయటపెట్టకుండిరి. కంపైలరు చేత నుండియు చేయగలది లేక, విండోసు డ్రైవరు యంత్రరూపమునే లినక్సు కెర్నలులోనికి దింపి, అది యాశించు విండోసు ఫంక్షన్లను లినక్సు పక్షమున కల్పించి నడిపిరి. రెండు సిస్టముల పిలుపు సంప్రదాయములు వేరగుటచే నడుమ తర్జుమా పొర వ్రాయవలసివచ్చెను. విండోసు డ్రైవరు ఆశించునంత స్టాకు లినక్సులో లేనందున ప్రమాదములు కలిగెను. ఇది నడచినది గాని, లోపలి దోషమును దిద్దు దారి ఎవ్వరికిని లేదు. బ్రాడ్‌కామ్ చిప్పుల విషయమున కొందరు అంతకంటె కఠినమైన పూన్కి వహించిరి. ఒక బృందము తయారీదారుల డ్రైవర్లను విప్పి పరిశీలించి, చిప్పు నడవడిని మామూలు వాక్యములలో వివరించి వ్రాసెను. ఆ డ్రైవర్లను ఎన్నడును చూడని రెండవ బృందము ఆ వివరణము నాధారముగా గొని క్రొత్త డ్రైవరు వ్రాసెను. ఆ డ్రైవరు 2006లో 2.6.17 సంచికతో కెర్నలులో చేరెను. తయారీదారులే తమ క్రొత్త చిప్పులకు సోర్సుతోకూడిన డ్రైవరును విడుదల చేయుటకు 2010 సెప్టెంబరు వరకు పట్టెను.

మన దేశమునకు ఈ కష్టము ఫోను మోడెముల రూపమున ముందే తెలిసెను. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్టు ద్వారము తెరచిన పిమ్మట, 1990ల చివర హైదరాబాదులోను, విశాఖపట్టణములోను, విజయవాడలోను ఇండ్ల యంత్రములలో విన్‌మోడెములు విరివిగా కనబడసాగెను. వానిలో ధ్వనిని అంకెలుగా మార్చు లెక్క అంతయు మోడెములో జరుగక, విండోసు డ్రైవరులో జరుగును. అందుచే అవి చౌక. పత్రికలతో వచ్చు సీడీల నుండి లినక్సు నెక్కించుకొన్న ఇంజనీరింగు విద్యార్థికి కంపైలరు సిద్ధము, కెర్నలు సోర్సు సిద్ధము, మోడెము మాత్రము మూగ. 1998లో వెలువడిన అలెస్సాండ్రో రుబినీ గ్రంథము లినక్సు డ్రైవర్ల రచనను అధ్యాయక్రమమున బోధించెను. 2005 నాటి దాని మూడవ కూర్పు ఉచితముగ చదువుకొనుటకు అనుమతింపబడినది. నేడు హైదరాబాదులో పెద్ద శాఖలు నెలకొల్పిన చిప్పు కంపెనీలలో డ్రైవర్లు వ్రాయుచున్న తెలుగు ఇంజనీర్లు చేతబట్టు కంపైలర్లు గూడ చాలవరకు ఈ స్వేచ్ఛా వంశమునకు చెందినవే: ఒకటి జీసీసీ, రెండవది 2000లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున క్రిస్ లాట్నరు ప్రారంభించిన ఎల్‌ఎల్‌వీఎం పై నిలిచిన క్లాంగు. చిరకాలము జీసీసీ ప్రత్యేక సౌకర్యములతో పెనవేసికొనిన లినక్సు కెర్నలును క్లాంగుతో కంపైలు చేయుటకు ఏండ్ల తరబడి శ్రమించి, 2017 నాటికి ఆండ్రాయిడు ఫోనులలో ఆ విధముగ కంపైలైన కెర్నలును నిలుపగలిగిరి.

ఇంతలో వేరొక కట్టడి వచ్చెను. విస్టా 64 బిట్ల సంచికనుండి, అనగా 2007 నుండి, విండోసు కెర్నలులోనికి సంతకము లేని డ్రైవరు ప్రవేశింపరాదు. విండోసు 10 కాలమునకు క్రొత్త డ్రైవర్లకు మైక్రోసాఫ్టు సంతకమే కావలసినదాయెను. దుష్ట ప్రోగ్రాములు కెర్నలులో చొరబడకుండ కాచుటకు ఇది తగిన ఉపాయమే యని ఒప్పుకొనవలెను. కాని మింగ్‌డబ్ల్యూతో నిర్దుష్టమైన డ్రైవరు వ్రాసినవాడు సైతము, దానిని తన యింటి యంత్రమున పరీక్షారీతిలో నడుపుకొనవచ్చునే గాని, పొరుగువానికి ఇయ్యవలెనన్న అనుమతి పొందవలెను. 1991లో డిస్కు కొలతలు దిద్దుకొని కెర్నలు కంపైలు చేసికొన్నవానికి అట్టి అనుమతి నడుగవలసిన చోటే లేదు.

చిరకాలము సోర్సు నీయక విమర్శల పాలైన ఎన్‌విడియా కంపెనీ 2022 మేలో తన గ్రాఫిక్సు కార్డుల కెర్నలు డ్రైవరు సోర్సును బహిరంగపరచినది. దానిని స్వేచ్ఛా పరికరములతో ఎవరైనను కంపైలు చేయవచ్చును, సవరింపవచ్చును. కాని ఆ కార్డులలో డ్రైవరునకు పూర్వము చెందిన పని యిప్పుడు చాలవరకు కార్డు లోపలనే యున్న వేరొక ప్రాసెసరుపై నడుచు ఫర్మ్‌వేరుకు మారియున్నది. ఆ ఫర్మ్‌వేరు పదుల మెగాబైట్ల యంత్రరూపమే గాని, దాని సోర్సు ఇయ్యబడలేదు. కంపెనీ సంతకము లేని ఫర్మ్‌వేరును ఆ కార్డు స్వీకరింపదు. నాలుగు దశాబ్దములకు పూర్వము ప్రింటరు ప్రోగ్రాము దగ్గర నిలిచిన ప్రశ్న ఆ కార్డు లోపల ఇంకను నిలిచియున్నది; కొందరు ప్రోగ్రామర్లు రస్ట్ భాషలో వ్రాయుచున్న నోవా అను క్రొత్త డ్రైవరు సైతము ఆ ఫర్మ్‌వేరుపైననే ఆధారపడును.